చింతపండుతో తోమిన బిందె, కొండ వాన

పొద్దున్నే లింగంపల్లిలో రైలెక్కేటప్పటికే అలసిపోయి ఉన్నాను. కోకాపేటలో మా ఆఫీసు పక్కన టవర్లు లేస్తున్నాయి, హఫీజ్‌పేట్‌లో మా ఇంటి వెనక ఇంకొకటి. ఆ దుమ్ముకి మా పదేళ్ల మేఘనకు ఆయాసం పట్టుకుంది; ఊపిరాడనప్పుడు నోట్లో కొట్టుకునే మందు పంపు ఎప్పుడూ బ్యాగ్‌లోనే ఉంటుంది. పాడేరు అవతల ఓ కొండ ఊళ్లో ఇల్లు కిరాయికి ఉందని తెలిసింది. ఇంటి నుంచి పనికి ఆఫీసు ఒప్పుకుంది. "గాలి మంచిగుంటేనే మాట ఇయ్యి, జర చూస్కో," అంది మా ఆవిడ లత. గాలిలో ఉన్న పొగే వానలో పులుపై దిగుతుందని ఎక్కడో చదివి, నీళ్ల పులుపు చూసే రంగు కాగితాలు జేబులో వేసుకున్నాను.

రాత్రికి విశాఖ. స్టేషన్ ఎదుట లాడ్జి, దోమలు ఉచితం. తెల్లారి పాడేరు బస్సులో పక్కసీటు కాఫీ రైతు నా సంగతి విని నవ్వాడు. "పొగ గొట్టాలు కిందున్నా పొగ కిందుండిపోదండీ. మబ్బుల్లో కలిసి మా కొండకే వస్తాది." పొద్దున్నే ఈయనకు ఇంకో మాటే దొరకలేదా అని విసుక్కున్నాను. ఘాట్ మలుపుల్లో నేను తిన్న ఇడ్లీ కూడా విసుక్కుంది.

షేర్ ఆటో దిగేసరికి వాన వెలిసింది. వాన నీళ్లు పట్టి ఉంచమని ఆ ఇంటి యజమాని సన్యాసమ్మకు ముందే ఫోన్‌లో చెప్పి ఉంచాను. వాకిట్లో ఇత్తడి బిందె తళతళలాడుతోంది. కాగితం ముంచితే ఎర్రబడింది. వెలుగులో పెట్టి మళ్లీ చూశాను.

"ఏటైంది బాబూ?"

"నీళ్లు పుల్లగా ఉన్నాయమ్మా."

"ఉండవేటి? మీరొస్తారని బిందెని చింతపండేసి తోమినాను!"

ఇద్దరం పగలబడి నవ్వాం. నేనలా నవ్వి చాలా కాలమైంది.

భోజనాలయ్యాక మళ్లీ కురిసింది. ఈసారి నా స్టీలు గ్లాసు శుభ్రంగా కడిగి వాకిలి మధ్య బండ మీద పెట్టాను. మంచి వానకు కాగితం లేత పసుపు దగ్గర ఆగాలి. నారింజ రంగుకు పోయింది. ఇంకోటి ముంచాను, అదే రంగు.

"మా కొండ మీద పొయ్యి పొగ తప్ప ఏటీ లేదు బాబూ," అంది సన్యాసమ్మ, తప్పు తనదే అన్నట్టు. రెండు కాగితాలతో ఏదీ తేలదని తెలుసు. అయినా ఏడుపొచ్చినంత పనైంది. ఇక్కడైనా దుమ్ము తక్కువ కదా అని సరిపెట్టుకుని, ఇల్లు తీసుకుంటామని మాట ఇచ్చేశాను.

తిరుగు రైల్లో కాళ్లు చాపుకునే చోటు దొరికింది. వెళ్లాలనుకునేవాళ్లు వెళ్లండి, కొండ అందంగానే ఉంది. దాని మీద ఆకాశం మాత్రం మన ఆకాశమే.

రాజమండ్రి దాటాక మేఘన ఫోన్ చేసింది. "నాన్నా, ఆడ పంపు అవసరం పడది కదా? బ్యాగ్‌లకెళ్లి తీసేస్తున్న."

"వద్దు బిడ్డా," అన్నాను. "ఉండనీ."