కాలని చేయి

కనకాలపేటలో పులస కూర వండాలంటే ఎస్తేర్‌రాణినే పిలిచేవారు. ఆ చేపను గరిటెతో కలిపితే ముక్క చితికిపోతుంది. మట్టి దాకను రెండు చేతులా పట్టుకుని పొయ్యి మీదే తిప్పాలి. అందరూ మసిగుడ్డతో పట్టుకుంటారు, ఈవిడకు ఆ గుడ్డ అక్కర్లేదు.

"మా వదిన చేతులకి కాలడవే తెల్దండీ!" అని ఆడపడుచు శాంతి చర్చిలో గొప్పలు చెప్పేది. మేమంతా నోళ్లు వెళ్లబెట్టి మెచ్చుకునేవాళ్లం. కాలని చేయి ఎక్కడైనా ఉంటుందా అని అడిగిన మహానుభావుడు ఒక్కడూ లేడు.

ఒక వానాకాలం ఆమె అరచేతి బొబ్బ పుండై, ఎంతకీ మానలేదు. ఆసుపత్రిలో డాక్టర్ హేమశ్రీ ఆమెను కళ్లు మూసుకోమని, వేళ్ల మీద దూదితో రాసింది. ఎస్తేర్‌రాణికి ఏమీ తెలియలేదు. మోచేతి దగ్గర పాలిపోయిన మచ్చ మీదా అంతే. పరీక్షల్లో కుష్టు అని తేలింది.

"క్రిమి ఒంట్లోకి రాగానే మింగి చంపే కాపలా కణాలుంటాయమ్మా. కుష్టు క్రిమిని కూడా అవి మింగుతాయి. కానీ దాని ఒంటి మీద మైనం లాంటి పొర ఉంటుంది, అది చావదు. ఆ కణంలోనే కాపురం పెట్టి పెరుగుతుంది. నరాల్లోకి చేరి స్పర్శ పోగొడుతుంది. నొప్పి లేదు కాబట్టి మీకు తెలియలేదు," అని వివరించింది డాక్టర్.

"ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మా యేసయ్యకీ కుదర్లేదన్నమాట," అంది ఎస్తేర్‌రాణి. ఆ తర్వాత ఏడ్చింది. పరాయివాళ్లు చేసిన ద్రోహమైతే తిట్టిపోసేది. సొంత ఒళ్లే శత్రువుకు పీట వేసి కూర్చోబెడితే ఎవరిని తిడుతుంది? కంచే చేను మేసింది.

"మందు మొదలెట్టాక ఎవరికీ అంటదు. పుండు మానాక వండుకోండి, గుడ్డ మాత్రం వాడండి. చేతికి ఎప్పుడైనా ఏమైనా తెలిస్తే వచ్చి నాకు చెప్పండి," అంది డాక్టర్.

ఏడాదంతా మాత్రలు మింగింది. పుండు మానింది. మళ్లీ పులసలొచ్చాయి. శాంతి కూతురి పెళ్లిమాటలు కూడా అప్పుడే. వంటకు పిలుస్తారని ఎస్తేర్‌రాణి కొత్త మసిగుడ్డ కుట్టుకుంది. పిలుపొచ్చింది, భోజనానికి. పొయ్యి దగ్గర ఎవరో కొత్త వంటామె గుడ్డతో దాక తిప్పుతోంది.

"నువ్వు కూకో వదినా, నీకెందుకు శ్రమ," అంటూ శాంతే వడ్డించి తెచ్చింది. మాకందరికీ స్టీలు కంచాలు. ఎస్తేర్‌రాణికి కాయితం ప్లేటు.

ఆమె దాన్ని రెండు చేతులా పట్టుకుని చాలాసేపు చూసింది.

"రేపు డాక్టరమ్మ దగ్గరికెల్లాలే శాంతీ. చేతికి తెలుస్తోందని చెప్పాలి."