చేపగుడ్లకు సిరిసిల్ల గుడ్డ

పులుసులో తప్ప చేపను ఎరగని నేను, దాని పుట్టుక చూడాలని బయల్దేరాను. కోరుట్ల దగ్గరి పల్లెలో నా చిన్ననాటి స్నేహితుడు మల్లయ్య రవ్వ (రోహు) చేపలకు సూదిమందు వేసి గుడ్లు పెట్టిస్తున్నాడు. కిందటేడు దూరం నుంచి తెప్పించిన పిల్లలు దారిలోనే చచ్చాయి. ఈసారి గుడ్లు బతక్కపోతే ఊరి చెరువు ఖాళీయే. వస్తూ మగ్గాల ఊరు సిరిసిల్లకు వెళ్లి పది గజాల పలుచటి గుడ్డ తెమ్మని కబురు పెట్టాడు.

బడికి సెలవు పెట్టి జగిత్యాలలో ఆరింటికి బస్సెక్కి ఎనిమిదిన్నరకు సిరిసిల్లలో దిగాను. గుడ్డ దేనికని దుకాణదారు అడిగితే చేపగుడ్లకన్నాను.

"చేపలకు అంగీలు కుట్టిస్తున్నరా సారు?" అన్నాడు.

నిగనిగలాడేది ఏరుకున్నాను. దారిలో పోలీసులు రెండుసార్లు బస్సు ఆపి సంచులు వెతికారు. కోరుట్ల చేరేసరికి పన్నెండున్నర. అక్కడినుంచి ఆటో.

మల్లయ్య భార్య రాజవ్వ గుడ్డను వేళ్ల మధ్య నలిపింది. "గిదంత గంజే అన్న. గుడ్లకు ఊపిరాడది."

గుడ్డ తెమ్మంటే గుడ్డిగా తెచ్చాను. చేపలకు రెండో సూది పదకొండింటికే పడింది; అది పడ్డ ఐదారు గంటల్లో గుడ్లు పెడతాయట. ఇక వాటిని ఆగమనలేం.

మామూలుగా ఇది రాత్రి పనట. ఆ రోజుల్లో చీకట్లో చెరువు దగ్గర దీపం కనిపిస్తే పోలీసులకూ అనుమానమే, అడవిలోని నక్సలైటు అన్నలకూ అనుమానమే. అందుకని మల్లయ్య పనిని పగటికి మార్చుకున్నాడు. పొద్దుగూకేలోగా గుడ్లు కొత్త గుడ్డలోకి చేరాలి.

గుడ్డను వేడినీళ్లలో నానబెట్టి బండమీద బాదాను.

"బడి పిల్లలను గూడ గిట్లనే ఉతుకుతవా సారూ?" అన్నాడు మల్లయ్య.

నాలుగింటికి చెరువులో, చేపలను ఉంచిన పాత గుడ్డతొట్టిలో అలజడి రేగింది. ఒక ఆడచేప, వెంట రెండు మగవి. గంజి వదిలిన గుడ్డను రాజవ్వ తొట్టిలా కుట్టి, నీళ్లలో కర్రలకు కట్టి, లోపల దోమతెర వేలాడదీసింది. ఆరింటికి గుడ్లను గిన్నెతో ఆ తెరలోకి పోసింది. ఉడికిన సగ్గుబియ్యంలా మెరిశాయి. పాలరంగుకు తిరిగినవి చచ్చినవట.

ఆ రాత్రి వాళ్లింట్లో పప్పే. "గుడ్లు పగిలేదాక చేప వండం" అంది రాజవ్వ.

పొద్దున ఎనిమిదింటికి వంగి చూశాను. పగిలిన గుడ్ల పొరలు తెరలోనే మిగిలాయి. దాని రంధ్రాల్లోంచి కనురెప్ప వెంట్రుకంత పిల్లలు ఒక్కొక్కటే బయటి గుడ్డలోకి జారుతున్నాయి. ఒక్కోదానికి రెండు నల్లటి చుక్కలు, కళ్లు. మల్లయ్య గిన్నెతో కొన్నింటిని ముంచి లెక్కేశాడు.

"చెరువుకు సరిపోతయి" అన్నాడు చివరికి.

పది గంటల జగిత్యాల బస్సులో పక్కసీటు అవ్వ, ఎక్కడినుంచి వస్తున్నావని అడిగింది. చేపపిల్లలను చూసొస్తున్నానని, ఎంతుంటాయో వేలిగోరు మీద చూపించాను.

"గంతేనా? ఈతాడుతున్నయా?"

"ఆడుతున్నయవ్వా."

"అయితే బతుకుతయి తియ్" అని ఆమె నిద్రలోకి జారుకుంది. నాకు మాత్రం జగిత్యాల దాకా రెప్ప వెయ్యాలనిపించలేదు.