బుర్ఖా అంచు

1984 మార్చిలో ఆదోని నుంచి ఎమ్మిగనూరు వెళ్లే బస్సు ఎక్కినప్పుడు నా ఒడిలో కాల్షియం మాత్రల సీసా ఉంది. అంతకు ముందు నెల వాకిట్లో జారి మణికట్టు విరగ్గొట్టుకున్నాను. ఎముకలు గుల్లబారాయని చెప్పి డాక్టరు చీటీలో హార్మోను మాత్రలు కూడా రాశారు. వాటికి భయపడి, కాల్షియం ఒక్కటే చాలుననుకుని అదే కొన్నాను.

పక్కన కూర్చున్న ముసలామె తమలపాకుకు సున్నం రాస్తూ, "అవేం మాత్రలమ్మా?" అని అడిగింది.

"ఎముకల బలానికవ్వా. నీ సున్నంలో ఉండేదే వీటిలోనూ ఉంటుంది."

ఆమె నవ్వింది. "అట్లయితే నా నడుము ఇనుప కంబీ మాదిరి ఉండాల. పెండ్లయినప్పట్నుంచీ తింటాండాను."

వంగిన నడుముతోనే బుర్ఖా అంచు ఎత్తి, మడత మీద మడతగా వేసిన కుట్లు చూపింది. "రంజానుకొకసారి పైకి మడిసి కుడతాండాను. గుడ్డ సాగలేదు తల్లీ, నేనే కుంగుతాండాను."

ఒక్కరి నడుము దేనికీ రుజువు కాదని నాకు తెలుసు. అయినా ఆమె దిగేదాకా ఆ కుట్లనే చూస్తూ కూర్చున్నాను.

ఇంటికి రాగానే గోడకు ఆనుకుని నిలబడి, నా ఎత్తు కొలవమని మావారిని అడిగాను. పెళ్లినాటి కంటే అంగుళమున్నర తగ్గాను. ఆయన టేపు మరోసారి పెట్టి చూశారు. తరువాత డాక్టరు చీటీ జేబులో పెట్టుకుని బజారుకు బయలుదేరారు.