ఆమె కుర్చీలో కూర్చుని నేను చేసిన పని

నా తప్పొకటి ఇంకొకరి పేరు మీద ఉంది. తొమ్మిదేళ్ళుగా ఉంది. ఇన్నేళ్ళూ దాన్ని నేనూ మోస్తున్నాను అని రాయబోయి ఆగాను. ఆ మాట సరికాదు. దానికి ఉద్యోగం పోగొట్టుకున్నది ఆమె. నాకు పోయింది కొంత నిద్ర, అంతే.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. మా వారు ఉన్నంతకాలం ఆయనకు చెప్పలేదు. పిల్లలకు చెప్పలేదు. ఎన్నోసార్లు మొదలుపెట్టి, కూర మాడుతోందని లేచి వెళ్ళాను. కూర మాడలేదు.

నేను తేదీలు మరచిపోయే మనిషిని కాను. గ్యాసు బండ ఎప్పుడు మార్చామో, భవానీపూర్ ఇంటికి రంగులు ఎప్పుడు వేయించామో అడిగితే ఠక్కున చెబుతాను. ఈ పని చేసిన తేదీ కూడా తెలుసు. ఇక్కడ రాయను. రాస్తే ఆ కంపెనీ ఏదో తెలిసినవాళ్ళు పోల్చుకుంటారు. దాచడం కంపెనీ కోసమా, నా కోసమా? అప్పుడే ఈ ప్రశ్న వచ్చింది. రానీ.

న్యూ టౌన్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో నెట్‌వర్క్ పని చూసేదాన్ని. రిటైరయ్యే ముందు ఆ విభాగంలో అందరికంటే పెద్దదాన్ని. మా నాన్నగారు బ్యాంకు ఆఫీసరుగా బదిలీ మీద వచ్చి ఈ బెంగాలీ ఊళ్ళోనే ఉండిపోయారు. మా ఇంట్లో తెలుగు మాట్లాడితే అచ్చులో ఉన్నట్టు మాట్లాడాలి. అది కూడా ఈ కథలో భాగమే. ఎలాగో చెబుతాను.

కంపెనీకి సొంత ప్రైవేట్ క్లౌడ్ ఉండేది. అంటే మా భవనంలోనే, మా సర్వర్ గదిలోనే ఉన్న పెద్ద యంత్రాలను సాఫ్ట్‌వేర్‌తో చిన్న చిన్న యంత్రాలుగా పంచి, ప్రోగ్రాములు రాసేవాళ్ళకు ప్రయోగాలకు ఇచ్చేవాళ్ళం. ఒక్కో జట్టుకు ఒక్కో వర్చువల్ నెట్‌వర్క్. కంటికి కనిపించే తీగ ఉండదు. అయినా ప్రహరీ కట్టిన ఇంటిలాంటిదే, ఒక జట్టు నెట్‌వర్క్ ఇంకో జట్టుకు కనిపించదు. లోపల చేరిన ప్రతి యంత్రానికీ ఒక చిరునామా కావాలి కాబట్టి, అది ఇచ్చే చిన్న సేవ ఒకటి ప్రతి ప్రహరీలోనూ నడుస్తూ ఉంటుంది. ప్రహరీ లోపల ఉన్నంతసేపు దానివల్ల ఏ ప్రమాదమూ లేదు. ఆఫీసు అసలు నెట్‌వర్క్‌లోకి దారి తెరిచే ముందు దాన్ని ఆపి తీరాలి. ఈ నియమం రాసింది నేనే. ఒకరి లాగిన్‌లో ఇంకొకరు పని చేయకూడదన్న నియమం రాసిందీ నేనే.

రెండో నియమాన్ని నేను రోజూ తప్పేదాన్ని. కొత్తవాళ్ళకు నేర్పాలంటే వాళ్ళ కుర్చీలో నేను కూర్చునేదాన్ని. వాళ్ళను పక్కన స్టూలు మీద కూర్చోబెట్టి, వాళ్ళ లాగిన్‌లోనే చేసి చూపించేదాన్ని. పక్కన నిలబడి అది నొక్కు, ఇది నొక్కు అని చెప్పే ఓపిక నాకు లేదు. నెమ్మదిగా చేసేవాళ్ళను చూస్తే చేతులు ఊరుకోవు. ఆఫీసులో అందరికీ ఇది తెలుసు. దాన్ని నా శ్రద్ధ అనుకునేవారు. నేనూ అలాగే అనుకున్నాను.

గౌరి అందాం ఆ అమ్మాయిని. అసలు పేరు అది కాదు. కాంట్రాక్టు మీద చేరింది. తండ్రిది కార్పొరేషన్‌లో మురుగు కాలువల పని, వాళ్ళ తాత కూడా అదే పని మీద శ్రీకాకుళం వైపు నుంచి వచ్చాడట. వాళ్ళ క్వార్టర్ల నుంచి కంప్యూటరు ముందు కూర్చునే ఉద్యోగానికి వచ్చిన మొదటి మనిషి ఆమే. తెలుగు గలగలా మాట్లాడేది, చదవడం మాత్రం రాదు. బడి అంతా బెంగాలీలో. నలుగురిలో నన్ను అందరిలాగే దీదీ అనేది. ఇద్దరమే ఉంటే అమ్మా అనేది. నేను నేర్పుతుంటే వాళ్ళ నాన్న సైకిలు నేర్పినట్టుందని నవ్వేది. తొక్కుతున్నది ఆయనేనట, ఆమె వెనక కూర్చుని నేర్చుకోవాలట.

నలుగురిలో ఆమె తెలుగులో పలకరిస్తే నేను బెంగాలీలో జవాబిచ్చేదాన్ని. ఆఫీసు మర్యాద అని నాకు నేను చెప్పుకున్నాను. ఆ యాస మనిషీ నేనూ ఒకటేనని ఎవరైనా అనుకుంటారని కాదూ?

ఆ సాయంత్రం ఒక జట్టుకు తొందర వచ్చింది. వాళ్ళ ప్రయోగపు ప్రోగ్రాము ఆఫీసులో ఉన్న ఒక స్కానరుతో మాట్లాడాలి. సరైన పద్ధతి, మధ్యలో వర్చువల్ రౌటరు పెట్టి ఆ ఒక్క స్కానరుకే తలుపు తెరవడం. దానికి సగం రోజు పడుతుంది. అడ్డదారి, ప్రహరీ తీసేసి వాళ్ళ నెట్‌వర్క్‌ను ఆఫీసు నెట్‌వర్క్‌తో నేరుగా కలిపేయడం. గౌరికి చూపిస్తానని ఆమె కుర్చీలో కూర్చుని నేను అడ్డదారి పట్టాను. ముందు కలిపాను. చిరునామాలిచ్చే సేవను తర్వాత ఆపుదామనుకున్నాను. ఈలోగా క్యాబ్ డ్రైవరు కింద నుంచి ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు. లేచాను. గౌరిని కూడా లేపాను, అదే క్యాబ్‌లో దారిలో దింపాను. దారంతా ఆమె కబుర్లు చెబుతూనే ఉంది. ఆపవలసినది ఆపలేదన్న సంగతి నాకు ఒక్కసారి కూడా తట్టలేదు.

మర్నాడు అందరూ వచ్చి కంప్యూటర్లు వేశారు. ఒక్కొక్కటీ చిరునామా అడిగింది. ఆఫీసులో చిరునామాలిచ్చే అసలు సర్వరు కంటే ముందు మా ప్రయోగపు నెట్‌వర్క్ జవాబిచ్చింది. అది ఇచ్చిన చిరునామాతో బయటికి దారి లేదు. ఆఫీసు మొత్తం మూగబోయింది. బడ్జ్ బడ్జ్ దగ్గర ఒక పెట్రోలు డిపోకు లారీల గేటు పాసులు మా ఆఫీసు నుంచే వెళ్ళేవి. అవీ ఆగాయి. ట్యాంకరు లారీలు మధ్యాహ్నం దాకా రోడ్డు మీదే నిలిచిపోయాయని, డ్రైవర్లు డిపో వాళ్ళతో కొట్లాటకు దిగారని ఫోన్లు.

కారణం దొరికింది. ఏ మార్పు, ఏ సమయానికి, ఎవరి లాగిన్‌లో. గౌరి పేరు.

మేం దాదా, అంటే అన్నా, అని పిలిచే మా పై అధికారి ఇద్దరినీ గదిలోకి పిలిచాడు. లోపల ఇంకో ముగ్గురు ఉన్నారు. ఎవరు చేశారని బెంగాలీలో అడిగాడు. గౌరి ఆయన వైపు చూడలేదు. నా వైపు చూసింది. ఆ గదిలో తెలుగు తెలిసినవాళ్ళం మేమిద్దరమే.

"అమ్మా, మీరు సెప్పీండమ్మా," అంది మెల్లగా. "నా కుర్సీలో మీరే కదా కూకున్నారు. నానేటి సేసినాను?"

నేను దాదా వైపు తిరిగాను.

"ఆమి శుధు దేఖియే దియేఛిలామ్," అన్నాను. నేను చూపించానంతే, అని.

అబద్ధం కూడా కాదు చూడండి. ఎంత జాగ్రత్తగా ఎంచుకున్నానో. నిజంగా చూపించాను. చూపించడమంటే నేను చేయడమేనని ఆ గదిలో అందరికీ తెలుసు. అయినా ఎవరూ అడగలేదు. నన్ను అడిగే అలవాటు వాళ్ళకు లేదు. గౌరి దాదా వైపు తిరిగింది. బెంగాలీలో, ఇంకోసారి ఇలా జరగదండి అంది.

ఎందుకు చెప్పలేదు? రిటైర్మెంటు దగ్గర పడిందని. తప్పు చేయని మనిషినన్న పేరు పోతుందని. ఆమె చిన్నది, ఇంకో ఉద్యోగం దొరుకుతుందని. ఇవన్నీ తర్వాత వెతుక్కున్న కారణాలు. నోరు తెరిచిన క్షణంలో కారణమేదీ లేదు. నేను కుర్చీలో నిశ్చింతగా కూర్చున్నాను, ఆమె నిలబడి ఉంది, అంతే. ఆ పిల్ల ఏ బ్యాంకు ఆఫీసరు కూతురో అయివుంటే ఆ మాట అనగలిగేదాన్నా? ఈ ప్రశ్నకు జవాబు నాకు తెలుసు. తెలిసే తొమ్మిదేళ్ళు అడుగుతున్నాను.

వారం తిరక్కుండా ఆమె కాంట్రాక్టు రద్దు చేశారు. రిటైరైన రోజు నన్ను శాలువా కప్పి పంపారు. ఇన్నేళ్ళలో ఒక్క పొరపాటు లేదని దాదా ఉపన్యాసమిచ్చాడు. నేను చేతులు జోడించాను.

తర్వాత ఆమె ఎక్కడ ఉద్యోగానికి వెళ్ళినా ఆమె గురించి పాత కంపెనీని అడిగేవారట. ఇప్పుడు మా ఇంటికి రెండు వీధుల అవతల ఫోన్ల దుకాణంలో కౌంటరు దగ్గర నిలబడుతుంది. మొదట చూసినప్పుడు అవతలి పేవ్‌మెంటు మీదికి దాటేశాను. ఆ తర్వాత కూరగాయలకు కూడా ఆ దారిలోనే వెళ్ళడం మొదలుపెట్టాను. ఎందుకు? క్షమించమని అడగడానికా? ఆమెకు నేను కొత్తగా చెప్పేదేముంది? స్టూలు మీద నా పక్కనే కూర్చుని చూసింది. నేనేం చేశానో ఈ లోకంలో నాకంటే బాగా ఆమెకే తెలుసు. నా నోటితో వినవలసినవాళ్ళు ఆ గదిలో మిగిలినవాళ్ళు.

ఇదంతా తెలుగులో రాస్తున్నానని ఇంతవరకు వచ్చాక గమనించాను. ఆమె చదవలేని అక్షరాలు. ఆ గదిలో మిగతా ఏ ఒక్కరికీ రాని భాష. ఒప్పుకుంటూ కూడా ఎక్కడ దాక్కున్నానో చూడండి.

కలం పక్కన పెట్టి దాదాకు ఫోన్ చేశాను. ఆయన కూడా రిటైరయ్యాడు. బెంగాలీలోనే చెప్పాను. ఆ రోజు నెట్‌వర్క్ కలిపింది నేను, ఆ అమ్మాయి ముట్టుకోనే లేదు, అని. ఇన్నాళ్ళకు ఎందుకు దీదీ, అన్నాడు. కంపెనీ చేతులు మారిపోయింది, ఆ రికార్డులు ఎవరి దగ్గరా లేవు, అన్నాడు. ఒంట్లో బాగుందా అని కూడా అడిగాడు. బాగానే ఉందన్నాను. ఆ గదిలో ఉన్న మిగతా ముగ్గురి నంబర్లు అడిగాను. వెతికి పంపిస్తానన్నాడు. పంపకపోతే రేపు మళ్ళీ చేస్తాను.

నేను చెప్పింది రెండు వాక్యాలు. ఆ రోజు గదిలో చెప్పినా అంతే పట్టేది. ఆమె పోగొట్టుకున్నది తిరిగి రాదు, నాకు తెలుసు. మీరు కూడా నన్ను ఊరడించకండి. చేసింది నేను. ఇది పైకి అన్న తర్వాత గుండెల్లో కాస్త గాలి ఆడుతోంది. ఆ మాత్రానికైనా నేను తగుదునో లేదో తెలియదు గాని, ఆడుతోంది.