పాల వైపు గిన్నెలు

మా అత్తగారు పోయిన మంగళవారం పొద్దున్న, ఇక్కడే పార్సిప్పనీలో, నిద్రలోనే వెళ్లిపోయారు. మా ఇంటికి వచ్చినవాళ్లంతా ఆవిడ చేతి పులిహోర తిన్నవాళ్లే. ఆవిడ మాత్రం ఎవరింట్లోనూ పచ్చిగంగ ముట్టలేదు. తలా ఒకటి వండి తెచ్చే పాట్‌లక్‌ విందులకి కూడా తన డబ్బా తనే తెచ్చుకుంటే నాకు తల తీసేసినట్టుండేది. "ఈ దేశంలో కూడా మడేమిటి అత్తయ్యా?" అంటే, "నా నోరు, నా ఇష్టం. నీకేం బరువు?" అనేవారు.

డెబ్బైల చివర్లో, ఇప్పటికి పన్నెండేళ్ల కిందట, ఓ చలికాలం. పక్క అపార్ట్‌మెంట్‌లో ఒంటరిగా ఉండే యూదుల పెద్దావిడ మంచు మీద జారి కుడిచెయ్యి విరగ్గొట్టుకుంది. కూతురు అప్పుడప్పుడు వచ్చి సూప్ పెట్టి వెళ్లేది. వంట చేసుకోలేవు, ఇల్లు ఖాళీ చేసి ముసలివాళ్ల హోమ్‌లో చేరమని ఒకటే పోరు. ఆ ఇల్లు వదలాలంటే పెద్దావిడకి ప్రాణం పోయినంత పని. నేను ఉప్మా చేసి పట్టుకెళ్లాను. థాంక్స్ చెప్పి బల్ల మీద పెట్టింది. మర్నాడు వెళ్తే అది అలాగే ఉంది.

ఇంటికొచ్చి విసుక్కున్నాను. "ఊళ్లోవాళ్ల గిన్నెల్లో వండింది నేను తింటానా? ఆవిడెందుకు తినాలి? ఆవిడ గిన్నెల్లోనే వండిపెడదాం. నా కోటు ఇలా తే" అన్నారు అత్తయ్యగారు.

ఆ వంటింట్లో అన్నీ రెండేసి. పాలూ వెన్నా తగిలే వంటకి ఒకవైపు అరలు, మాంసానికి ఇంకోవైపు. గిన్నెలు, గరిటెలు, తోముకునే పీచుతో సహా వేరు. ఆ రెండూ కలవకూడదు. కొన్న డబ్బా మీద వాళ్ల ఆచారానికి సరిపడిందన్న గుర్తు ఉండాలి. ఆకుకూరలో పురుగుందేమోనని ఒక్కో ఆకూ తిప్పి చూడాలి. పెద్దావిడ చెప్పిందంతా నేను తెలుగులో చెబుతుంటే అత్తయ్యగారి మొహం వెలిగిపోయింది. "మాంసం వైపు నేను తొంగైనా చూడను. పాల వైపు నాకొదిలెయ్యమను. ఇంతకీ ఈవిడదీ మడేనే అమ్మాయ్!"

పొయ్యి మాత్రం తనే వెలిగించాలంది పెద్దావిడ. అదీ వాళ్ల ఆచారమేనట. ఎడంచేత్తో స్టవ్ తిప్పి కుర్చీలో కూలబడింది. అత్తయ్యగారు ఆవిడ వెన్నే కాచి, అన్నం పప్పు వండి, పళ్లెంలో పెట్టి ధారగా నెయ్యి పోశారు.

"నో, నో!" అంటూ ఆవిడ పళ్లెం వెనక్కి నెట్టేసింది. కూతురు తెచ్చిన చికెన్ సూప్ అంతకుముందే తాగిందట. మాంసం తిన్నాక గంటల తరబడి ఆగితే గాని నెయ్యి ముట్టకూడదు. ముందుగా అడగాలని మాకు తట్టనే లేదు. నెయ్యి వద్దన్న మనిషిని అత్తయ్యగారు పుట్టి బుద్ధెరిగాక చూసి ఉండరు. ఇక రేపు రానంటారనుకున్నాను.

సంగతి చెబితే, "అయ్యో రాత! నెయ్యి లేకుండా మళ్లీ వండుతానని చెప్పు" అన్నారు. పెద్దావిడ ఒప్పుకోలేదు. ఈ అన్నమే తింటాను, చీకటి పడేదాకా ఆగుతానంది. అత్తయ్యగారు కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నారు. "వండిపెట్టి, ఆవిడ తినకుండా నేనెలా వస్తానే? నువ్వెళ్లు."

చీకటి పడ్డాక వెళ్లి చూద్దును కదా, ఆవిడ ఎడంచేత్తో తింటోంది, ఈవిడ కొసరి కొసరి వడ్డిస్తున్నారు.

మర్నాటి నుంచి గుమ్మంలోనే "మీట్? మిల్క్?" అని అడిగేవారు. అత్తయ్యగారి ఇంగ్లీషంతా అదే. కట్టు విప్పేదాకా రోజూ వెళ్లి వండిపెట్టారు. ఆ కూతురు హోమ్ మాట మళ్లీ ఎత్తలేదు. చెయ్యి బాగయ్యాక కూడా మధ్యాహ్నాలు ఇద్దరూ ఒకచోటే, ఎవరి భాషలో వాళ్లు. ఏ బిస్కెట్లలో పందికొవ్వు ఉంటుందో మాకు చెప్పింది పెద్దావిడే.

మొన్న దహనం చేసి వచ్చాక మా ఇంట్లో పొయ్యి వెలిగించలేదు. పెద్దావిడ వాకర్ తోసుకుంటూ వచ్చింది, దాని బుట్టలో మూత పెట్టిన గిన్నెతో. చావింటికి ఇరుగుపొరుగు వండి తేవడం వాళ్లలోనూ ఉందట. మూత తీస్తే పప్పు, పైన నెయ్యి.

"మీ అత్తగారు నా గిన్నెల్లో వండింది గాని, ఒక్కనాడూ వాటిలో తినలేదు. నేను చూస్తూనే ఉన్నాను" అంది. "అందుకని ఇది కొన్నాను. ఈ పప్పుకి ముందు ఇందులో ఎవరూ ఏమీ వండలేదు. ముందే కొనాల్సింది."

అప్పటిదాకా రాని ఏడుపు నాకు అప్పుడొచ్చింది. గిన్నె పక్కన షాపువాళ్లు అంటించిన కాగితం, పొయ్యి సెగకి సగం కాలి, ఇంకా అలాగే ఉంది.