బావిలోకి పోయే బూడిద

జగ్గయ్యపేట నుంచి నందిగామ వెళ్తున్న బస్సులో, ముందు పోయే లారీలోని బొగ్గు బూడిద లేచి మా అందరి కళ్ళల్లో పడింది. లారీ మీద టార్పాలిన్ పట్టా కట్టలేదు. ప్రయాణికులు దాన్ని ఆపి, డ్రైవరును కిందికి ఈడ్చి తన్నారు. నా తెల్లచొక్కా పాడైనందుకు నేనూ దిగి, చెప్పు తీసి వాడి మూతి పగిలేలా కొట్టాను.

రెండో దెబ్బకు చెయ్యెత్తగానే, నా పక్క సీటులో వచ్చినాయన నా మణికట్టు పట్టుకున్నాడు. బూడిద పరీక్షలు చేసే ఉద్యోగమని బస్సులో చెప్పాడు. పేరు నేనడగలేదు.

"చొక్కా ఉతికితే పోద్దండి. ఈ బూడిదలో ఆర్సెనిక్ అనే విషం ఉంది, నీళ్ళలోకి దిగితే పోదు. ఖరీదైన లోహాలూ ఉన్నాయి, వాటిని తీసే దారులు వెతుకుతున్నాం. అందాకా బావులు మాత్రం దీంతో పూడ్చకూడదండి."

డ్రైవరు నెత్తురు ఉమ్మి నవ్వాడు. "ఈ లోడు ఈ అయ్యగారి బావిలోకేనండి. ఇప్పటికే సగం నిండింది."

నిజమే. మాకు మిగిలిన ఒక్క ఎకరాన్ని ప్లాట్లు వేసి అమ్మడానికి, తాతలనాటి బావిని థర్మల్ కేంద్రం నుంచి ఉచితంగా వచ్చే బూడిదతో పూడ్పిస్తున్నాను. లారీవాళ్ళ ముఖాలు ఏనాడూ చూసినవాణ్ణి కాను.

ఆయన పట్టు వదల్లేదు. "దగ్గర్లో తాగే నీళ్ళ బోర్లున్నాయాండీ?"

బావి పక్కనున్న పేటంతా తాగేది బోరు నీళ్ళే.

"లేవు" అన్నాను.

డ్రైవరు నోరు తెరిచాడు. నా చేతిలోని చెప్పు చూసి మూసుకున్నాడు.