రెండో బిళ్ల

గుడియాత్తం యోసేపు తన ఇంటి ముందు కూడా రెండుసార్లు హారన్ కొడతాడు. లోపలి నుంచి రావలసింది అతని భార్య పాపాతే. అయినా వ్యాను విషయంలో ఆమె కూడా పంతొమ్మిది మందిలో ఒకతె.

వేలూరు దారిలో ఒక షూ కంపెనీ ఉంది. దానికి పనివాళ్లను కుదిర్చి, పొద్దున తీసుకుపోయి, సాయంత్రం ఇళ్ల దగ్గర దించడం యోసేపు పని. పదహారు మందికి తగ్గితే కంపెనీ ఆ వ్యానును మాన్పించేస్తుంది. మిగతా వ్యాన్లలో మూడు నెలలకు సగం ముఖాలు మారిపోతాయి. యోసేపు వ్యానులో నాలుగేళ్లుగా అవే ముఖాలు. ఈ సంగతి హెచ్.ఆర్.లో పనిచేసే షాలినికి కంప్యూటర్‌లో కనిపించింది.

“ఆదివారం వేలూరులో అన్ని కంపెనీల హెచ్.ఆర్. వాళ్లమూ కలుస్తాం అంకుల్. మీటింగు కాదు, ఊరికే. మీ వాళ్లు ఎందుకు మానరో ఐదు నిమిషాలు చెప్పండి, చాలు,” అంది.

ఆ మాట విని పాపాతి అతణ్ణి పట్టుకుంది. ఆమె కుట్టు లైనులో ముప్పై ఇద్దరికి ఒకే ఎర్ర ప్లాస్టిక్ బిళ్ల. సూపర్‌వైజర్ బల్ల పక్కన మేకుకు వేలాడుతుంటుంది. అది తీసుకున్నామె బాత్‌రూముకు పోవచ్చు. ఆమె వచ్చి మళ్లీ తగిలించేదాకా మిగతావాళ్లు కూర్చోవలసిందే. అందుకని లైనులో ఎవరూ నీళ్లు తాగరు. పాపాతికి ఇప్పటికి రెండుసార్లు కిడ్నీలో రాయి వచ్చింది.

“ఇంగో బిళ్ల పెట్టమని అడుగు. పెట్టకపోతే ఒకటో తేదీ నుంచి నేను పనికి రాను,” అంది.

“పెండ్లామే ఎక్కని వ్యాన్లో ఇంగెవురు ఎక్కుతారే?”

“అందుకే చెప్తా ఉండా. మొదుట బిళ్ల సంగతి చెప్పు. కడాకు పెట్టుకుంటే వాళ్లు అన్నానికి లేస్తారు.”

ఆదివారం యోసేపు చర్చి మానుకుని, తెల్ల చొక్కా ఇస్త్రీ చేసుకుని పోయినాడు. హోటల్ మేడ మీద ఏసీ గదిలో పాతిక మంది దాకా ఉన్నారు. అందరూ టీషర్టుల్లో. ఊరికే కలవడమంటే ఇదన్నమాట అనుకుని చొక్కా పై గుండీ తీసేశాడు.

మొదట ఒక ఆట. ఎవరికి వారు పేరు చెప్పి, తమ గురించి ఒకే ఒక్క మాట చెప్పాలి. ఒకాయన ‘నమ్మకం’ అన్నాడు. ఒకామె ‘చిరునవ్వు’ అంది. యోసేపు లేచి, “యోసేపు. వ్యాను,” అన్నాడు. అందరికంటే అతనికే ఎక్కువ చప్పట్లు పడ్డాయి.

తర్వాత గంటసేపు, జనం ఎందుకు నిలవడం లేదని మాట్లాడుకున్నారు. కుర్రకారుకు ఓపిక లేదన్నారు. ఫోన్లు చెడగొట్టాయన్నారు. పుట్టినరోజుకు కేకు కోసినా వారం తిరక్కుండా మానేస్తున్నారని ఒకాయన బాధపడ్డాడు. మానేసినవాళ్ల ఫారాల్లో ఏం కారణం ఉందని ఎవరో అడిగారు. అన్ని కంపెనీల్లోనూ అదే ఉంది: సొంత కారణాలు.

యోసేపు వంతు వచ్చింది. ఎదురుగా మొదటి వరసలో నటరాజన్ కూర్చున్నాడు, షాలిని వాళ్ల హెచ్.ఆర్.కే పెద్ద. పెద్దాయన ముందు నోరు తెరవగానే ఫిర్యాదు చేయడం యోసేపుకు మర్యాద అనిపించలేదు. ముందు ఒక మంచిమాట చెప్పి, తర్వాత బిళ్ల దగ్గరికి పోదామనుకున్నాడు.

“కంపెనీకి ముందర ఒక పెట్రోల్ బంకు ఉండాది సార్. ఆడ వ్యాను పది నిమిషాలు నిలుపుతా. మావాళ్లు బాత్‌రూముకు పోయొస్తారు. మద్యాన్నం దాకా మళ్లా అక్కర పడదు. నిలుపుడు ఒక్కటే సార్, వేరే ఏమీ లేదు.”

నటరాజన్ చప్పట్లు మొదలుపెట్టాడు. గదంతా అందుకుంది. ఎవరో పోయి దాన్ని బోర్డు మీద రాశారు.

“ఎందుకు నిలుపుతానంటే సార్,” యోసేపు గొంతు పెంచాడు, “లోపల బిళ్ల ఒకటే ఉండాది. ఇంగోటి పెడితే...”

“అదే కదా గొప్ప!” అన్నాడు నటరాజన్, అందరివైపూ తిరిగి. “ఒకే బిళ్లతో నాలుగేళ్లు ఒక్కరూ మానలేదు. రెండోది దేనికి?”

యోసేపు బోర్డు వైపు చూశాడు. నాలుగేళ్లుగా రోజుకు పది నిమిషాల చొప్పున ఆ రెండో బిళ్ల అక్కరలేకుండా చేస్తూ వచ్చింది తనే. ఇంతలో షాలిని భోజనాలు సిద్ధమని చెప్పి, అతని చేతిలో ఒక గాజు షీల్డు పెట్టింది.

ఇంట్లో పాపాతి షీల్డును అటూ ఇటూ తిప్పి చూసింది.

“దీన్ని మేకుకు తగిలిస్తే బాత్‌రూముకు పంపిస్తారా?”

యోసేపు షీల్డును తీసుకుని గూట్లో పెట్టాడు.

“మంచిమాటతో మొదులుపెట్టినావు కదా? నాకు తెలుసు.”

ఒకటో తేదీ నుంచి కంపెనీ వ్యాన్లు ఎనిమిదీ ఆ బంకు దగ్గర పది నిమిషాలు ఆగాలని నోటీసు వచ్చింది. అందుకోసం అందరూ పది నిమిషాలు ముందుగా బయలుదేరాలి. పాపాతి ఆ రోజు వ్యాను ఎక్కింది, చూసి పోదామని.

బంకులో ఉన్నది ఒకే బాత్‌రూము. ఆడవాళ్ల వరస రోడ్డు దాకా వచ్చింది. తోపులాట పడలేక బంకు ఆయన కుర్చీ వేసుకుని కూర్చుని, వ్యానుకు ఒక బిళ్ల చొప్పున ఇస్తున్నాడు. పాపాతి దాన్ని చూసింది. వ్యానులోంచి తన టిఫిన్ డబ్బా తీసుకుని, రోడ్డు దాటి, గుడియాత్తం బస్సుకు నిలబడింది. ఆమె వెనకే ఇంకో ముగ్గురు.

యోసేపు రెండుసార్లు హారన్ కొట్టాడు. ఎవరూ తిరిగి చూడలేదు.

తొమ్మిదింటికి షాలిని ఫోన్ చేసింది.

“అంకుల్, మీ వ్యానులో పదిహేను మందే దిగినారు. రేపటికి ఎవరినైనా చూసుకోండి, లేదంటే సార్ వ్యానును ఆపేయమంటారు. ఆ నలుగురు ఎందుకు మానినారు? కారణం రాయాల.”

“బిళ్లమ్మా.”

“అది లిస్టులో లేదంకుల్. పెళ్లి, జబ్బు, సొంత కారణాలు. ఈ మూడే ఉండాయి.”

యోసేపు మూడింటినీ వేళ్ల మీద లెక్కపెట్టాడు.

“జబ్బు అంటే కంపెనీ ఆస్పత్రి కాగితం అడుగుతుంది. పాపాతికి పెండ్లి నాతోనే అయిపాయ. మూడోది ఏసుకోమ్మా.”